ఇద్దరూ ఇస్తామన్న స్థలం

నేను హౌసింగ్‌లో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి, ఉద్యోగంలో ఎక్కువ కాలం పశ్చిమ ప్రకాశం పల్లెల్లోనే తిరిగి, మార్కాపురంలో రిటైరయ్యాను. ఈమధ్య మా వీధిలో ఒకమ్మాయికి ఇదే ఉద్యోగం వచ్చింది. మిఠాయి పట్టుకుని వచ్చి, "ఆంటీ, అసలక్కడ ఏం పనుంటుంది?" అని అడిగింది.

"ఇళ్లు కట్టించడం" అన్నాను.

తను వెళ్లిపోయాక నాకే ఆ జవాబు నచ్చలేదు. ఇల్లు కట్టేది మేస్త్రీ. కట్టించుకునేది ఇంటివాళ్లు. మా పని అంతకు ముందే ఉంటుంది. ఎక్కడ కట్టాలి, ఎవరి నేలలో కట్టాలి, గుమ్మం ఎటు పెట్టాలి, అసలు ఇక్కడ కట్టనివ్వాలా వద్దా? ఇదంతా నేల మీద పునాదికి ముగ్గు పోసే వేళకు తేలిపోవాలి. పునాది తీశాక ఎవరొచ్చి ఏం చెప్పినా చేయగలిగింది పెద్దగా ఉండదు.

ఆ అమ్మాయికి సరిగా చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివితే ఉద్యోగం సులువవుతుందని మాత్రం మాట ఇవ్వలేను. రాస్తున్న నాకే కొన్ని సంగతులు ఈరోజుకీ తేలలేదు.

నేల ఒకటి చెబుతుంది, మనుషులు ఒకటి చెబుతారు

కాలేజీలో మాకు నేల గురించి చెప్పారు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పునాది లోతుగా తియ్యాలి. ఎర్రగరప నేల గట్టిది, ఇల్లు కదలదు. అది నిజమే. గిద్దలూరు దగ్గర ఒక ఊళ్లో నేను పట్టుబట్టి కాలనీని ఊరికి దూరంగా ఉన్న గరపనేల మీదికి మార్పించాను. ఇళ్లు బంగారంలా వచ్చాయి. ఒక్క గోడ కూడా చీలలేదు. కానీ చాలా కాలం వాటిలో మేకలు ఉన్నాయి, మనుషులు లేరు. ఆ పక్క ఊళ్లో రోడ్డు వారగా నల్లరేగడిలో కట్టిన ఇళ్ల గోడలు మూలల్లో చీలాయి. ఆ చీలికల మీద సిమెంటు పూసుకుని, పైన క్యాలెండరు తగిలించుకుని జనం హాయిగా కాపురాలు చేసుకుంటున్నారు. ఈ రెండింటిలో ఏది మంచి ఇల్లు? పరీక్షలో అయితే నాకు జవాబు తెలుసు.

పై అధికారుల దగ్గర జవాబు దొరుకుతుందని మొదట్లో అనుకునేదాన్ని. వాళ్లకూ వాళ్ల తిప్పలున్నాయి. రివ్యూ మీటింగులో వాళ్లను అడిగేది ఒక్కటే, "గ్రౌండింగ్ ఎంతయింది?" అంటే ఎన్ని ఇళ్లు మొదలయ్యాయని. ఎక్కడ మొదలయ్యాయి, అందులో ఎవరుంటారు అనేది ఆ గదిలో ఎవరూ అడగరు. అడగకపోవడం తప్పని నేను గట్టిగానే నమ్ముతాను. కానీ అడిగిన చోట ఏమవుతుందో చూశాక, వాళ్లను మునుపటిలా తిట్టుకోవడం మానేశాను.

అలా నేను అడిగిన చోటు దొనకొండకు అవతల, మెట్టపొలాల మధ్య ఒక చిన్న ఊరు. పేరు రాయను. అక్కడి రూతమ్మ కథ చెబుతాను.

రూతమ్మ వద్దన్న ఇల్లు

ఆ ఊరి పాలెంలో ఉండేవాళ్లు చాలామంది కూలికి పోయే క్రైస్తవులు. చర్చి చుట్టూ ఇరుకిరుకు ఇళ్లు. చేతులు చాచి నిలబడితే రెండు పక్కలా గోడలు తగిలే సందులు. వాళ్లకోసం వాగు అవతల ప్రభుత్వం స్థలం కొని, పట్టాలిచ్చింది. వెడల్పాటి రోడ్లు, వరసగా ప్లాట్లు. జాబితాలో పేర్లున్న వాళ్లంతా సంతోషంగానే వచ్చి ముగ్గు పోయించుకున్నారు. రూతమ్మ ఒక్కతే రాలేదు.

నేనే వెతుక్కుంటూ పాలెంలోకి వెళ్లాను. ఆమెకు అప్పటికి యాభై దాటి ఉంటాయి. ఆ ఏడు వానకు వాళ్ల ఇంటి వెనక గోడ కూలింది. కూలినవైపు టార్పాలిన్ కప్పి, ముందు గదిలో ఉంటున్నారు. ఆ జాగా మంజూరైన ఇంటి కొలతకు చాలదు.

"ఏమ్మా, పట్టా వచ్చింది, ఇల్లు మంజూరయింది. ఎందుకు మొదలుపెట్టవు?" అన్నాను.

"నాకు కాలనీలో వద్దు మేడం. ఈడనే యాడన్నా ఇంత జాగా చూపీయండి."

"ఇక్కడ జాగా ఎక్కడుందమ్మా? అక్కడ రోడ్డుంది, కరెంటు వస్తోంది, గాలి వెలుతురు ఉంటాయి."

"వెలుతురు ఉంటే ఏంది మేడం మాకు," అంది.

ఆమె మాటలోని విరుపు నాకు అర్థం కాలేదు. ఇంతలో లోపలినుంచి ఒక మనిషి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. భుజాన తువ్వాలు. నాకు దండం పెట్టి, "టీ తాగిపోండి మేడం, నేను తెస్తా," అని గిన్నె తీసుకుని సందులోకి దిగాడు. కోళ్లను తప్పుకుంటూ, నీళ్ల కాలువ దాటి, మలుపు దగ్గర ఎవరితోనో నవ్వుతూ మాట్లాడి, చర్చి పక్కనున్న దుకాణం వైపు తిరిగిపోయాడు.

"మీ ఆయనా?"

"ఆయనే. యేసుదాసు. నీటికాసులొచ్చి రెండు కళ్లూ పోయినయి మేడం. మా పెద్దపాప పెళ్లికి ముందే."

నేను నమ్మలేకపోయాను. ఆ మనిషి చేతిలో కర్ర కూడా లేదు.

"ఈ పాలెమంతా ఆయనకు కాళ్లకు తెలుసు. టీకి పోతాడు, చర్చికి పోతాడు, సావాసగాళ్ల దగ్గరికి పోతాడు. ఒకరోజు కాలనీ చూపిద్దామని తోలకపోయినా. ప్లాట్ల మధ్యలో నిలబెట్టి, ఇదే మనది అని చెప్పినా. అడుగు ఎయ్యలే మేడం. రెండు చేతులూ ముందుకు చాపి, గోడ కోసం ఎతుకుతా నిలబడినాడు. గోడలు యాడుండాయి ఆడ? బయలే గదా. ఇంటికి పోదాం పా అన్నాడు. నేనేం చెప్పాల మీకు?"

యేసుదాసు టీ తెచ్చాడు. ఒక చుక్క కూడా ఒలకలేదు. నేను కాలనీ మాట మళ్లీ ఎత్తలేదు.

మా డీఈ గారు

అప్పుడు మాకు పై అధికారిగా, డీఈగా ఉన్నాయన కోస్తా నుంచి వచ్చారు. పని తెలిసిన మనిషి, మాట కరుకు. రూతమ్మ సంగతి చెప్పాను.

"నీకు ఇళ్లు కట్టించే ఉద్యోగం ఇచ్చారమ్మా, వాళ్ల ఇబ్బందులన్నీ తీర్చే ఉద్యోగం కాదు," అన్నారు. "సొంత స్థలం ఉంటే అక్కడ కట్టుకోమను. లేకపోతే కాలనీలో కట్టుకోవాలి. రెండూ కాదంటే మంజూరు రద్దు చేసి ఇంకొకరికిద్దాం. ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉన్నారు."

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. ఎదురుచూసేవాళ్లూ మనుషులే. రూతమ్మ ఇంటిని పట్టుకుని నేను కూర్చుంటే ఇంకో కూలిన గోడవాళ్లకు అన్యాయం. అయినా రద్దు కాగితం మీద సంతకం పెట్టలేకపోయాను. అలాగని ఏం చెయ్యాలో తెలిసిందా అంటే అదీ లేదు.

తిరుపతయ్య ఇచ్చిన మాట

ఆ వారంలోనే రూతమ్మ ఫోన్ చేసింది. స్థలం దొరికిందని, వెంటనే రమ్మని.

వెళ్లేసరికి పాలెం చివర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తిరుపతయ్య. ఆ ఊరి రైతు. ఆయన చేను పాలెం గోడలను ఆనుకుని ఉంటుంది. రూతమ్మ చిన్నప్పటినుంచి ఆ ఇంటి పొలాల్లోనే పని చేసింది.

"ఈ చేను కొసన ఇంత తునక ఉండాది మేడం. ఎద్దులు తిరగవు, ట్రాక్టరు తిరగదు. మా యమ్మ మంచాన పడితే కూతుళ్లు రాలే. ఈ రూతే చూసింది. కట్టుకోమని చెప్పినా," అన్నాడు.

చూశాను. చక్కటి తునక. అక్కడ గుమ్మం పెడితే యేసుదాసు బయటికి అడుగు పెట్టగానే తనకు తెలిసిన సందే. నాకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికల్లా ముగ్గు పోసేద్దామా అనిపించింది. ఎందుకో ఆగి, సర్వే నంబరు రాసుకుని, వీఆర్వోను అడిగాను.

ఆయన నవ్వాడు. "ఆ తునకా మేడం? అది తిరుపతయ్యది కాదు. అంటే, కాదనీ చెప్పలేం. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్నారు. తమ్ముడు చనిపోయినాడు. ఆ కొస నాదని ఈయనంటాడు, మాదని తమ్ముడి భార్య ఆదిలక్ష్మమ్మ అంటది. అందుకే అది బీడుగా ఉండాది. ఈయన దున్నితే ఆమె ఊరుకోదు, ఆమె దున్నితే ఈయన ఊరుకోడు."

తగవులో ఉన్న నేల మీద సర్కారు ఇల్లు లేస్తే, ఇచ్చినవాడి హక్కు గట్టిపడుతుంది. ఈ ఎత్తు నేను ఇంతకు ముందు రెండు మూడు ఊళ్లలో చూశాను. రేపు కేసు పడితే ఇల్లు పోయేది రూతమ్మది. తిరుపతయ్య ఆమెను అడ్డం పెట్టుకుంటున్నాడనుకున్నాను. తల్లిని గురించి చెప్పేటప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరగడం కూడా నేను చూశాను. ఆ నీళ్లు దొంగవని చెప్పలేను. రెండింటిలో ఏది నిజమో తెలియలేదు.

ఆదిలక్ష్మమ్మ ఇంకో మాట

తేల్చుకుందామని ఆదిలక్ష్మమ్మ ఇంటికి వెళ్లాను. మిరపకాయల తొడిమలు తీస్తోంది. విషయం చెప్పగానే చేట పక్కకు తోసేసింది.

"ఆయన ఇచ్చేదేంది? ఎవరి సొమ్మని ఇస్తాడు? ఆ తునక మాది. మా ఆయన బతికున్నప్పుడే మాకొచ్చింది."

ఇక అయిపోయింది అనుకుని లేవబోయాను.

"అయినా," అంది ఆమె, "ఇల్లు రూతుకే గదా? కట్టుకోనీయండి. మా ఆయన పోయిన నాడు పొద్దంతా నా పక్కన కూసున్నది రూతే. నేనిస్తాండా ఆ జాగా. ఆయన కాదు. ఆ ముక్క రాసుకోండి మేడం, నేనిస్తాండా అని."

నేను మళ్లీ కూర్చున్నాను. నా ఉద్యోగంలో స్థలం ఇవ్వనన్నవాళ్లతో చాలా వేగాను. ఒకే స్థలం నేనిస్తానంటే నేనిస్తానని ఇద్దరు పోటీ పడటం అదే మొదలు, అదే చివర.

సులువైన దారి ఉందనిపించింది. ఇద్దరూ ఇస్తామంటున్నారు కాబట్టి, ఇద్దరి చేతా ఒకే కాగితం మీద సంతకం పెట్టిస్తే సరిపోతుంది. తహసీల్దారు పొసెషన్ సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. ఇద్దరినీ రూతమ్మతో సహా ఆ తునక దగ్గరికే పిలిచాను. యేసుదాసు కూడా వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మేమిద్దరం సంతోషంగా ఇస్తున్నాం అని రాస్తాను. చెరో సంతకం పెట్టండి," అన్నాను.

తిరుపతయ్య తల అడ్డంగా ఊపాడు. "ఇద్దరం అని రాస్తే ఆమెకు వాటా ఉన్నట్టే గదా మేడం. నేనొక్కడినే ఇస్తా."

"ఏం బావా, వాటా లేకనేనా ఇన్నేండ్లూ నువ్వు దున్నకుండా ఇడిసిపెట్టినావు?" అంది ఆదిలక్ష్మమ్మ. "నేనొక్కదాన్నే ఇస్తా. ఆయన సంతకం ఉంటే నేను పెట్టను."

"మా యమ్మకు చేసిన మనిషికి నేనిస్తాంటే మధ్యలో నీదేంది?"

"నా మొగుడు పోయిన పొద్దు నువ్వు గడప తొక్కినావా? రూతు వచ్చింది. నేనిచ్చుకుంటా."

మాట పెరిగింది. ఇద్దరూ చెప్పేది రూతమ్మ మంచితనం గురించే. నేను కాగితం పట్టుకుని మధ్యలో నిలబడ్డాను. చదువుకున్న ఇంజనీరింగు సంగతి పక్కన పెట్టండి, ఆ నిమిషంలో నాకు మనుషులే అర్థం కాలేదు. ప్రేమ ఉంది, పంతం ఉంది. పంతాన్ని తీసి పక్కన పెడదామంటే దాన్ని పట్టుకుని ప్రేమ కూడా వస్తోంది.

"ఇద్దరిదీ వద్దు"

చివరికి రూతమ్మ కొంగు నడుముకు చుట్టి ముందుకొచ్చింది.

"అన్నా, నువ్వియ్యొద్దు. వదినా, నువ్వూ ఇయ్యొద్దు. మీరిద్దరూ నాకు కావాల. ఈడ నేను ఇల్లు కట్టుకుంటే ఒకరు నా గడప తొక్కరు. రేపు మీరు మాటామాటా అనుకున్నప్పుడల్లా వచ్చి పడేది నా గోడ మీదనే." తర్వాత నా వైపు తిరిగింది. "మేడం, కాలనీలో ముగ్గు పోయండి."

"మరి ఆయన?" అన్నాను.

గోడ దగ్గరనుంచి యేసుదాసు అన్నాడు, "మేడం, నాకు ఒక్క పని చేసి పెడతారా? పునాది తీసే రోజునుంచి నన్ను ఆడ ఉండనీయాల. మేస్త్రీ కసురుకుంటాడు. మీరు చెప్పాల."

చెప్పాను. యేసుదాసు కళ్లున్నప్పుడు బావులు తవ్విన మనిషి. పునాది గుంటలో దిగి, పొడవూ వెడల్పూ అడుగులేసి చూసుకున్నాడు. ఇటుక వరస లేచినప్పుడల్లా గోడ పొడుగునా అరచెయ్యి ఆనించి నడిచాడు. మేస్త్రీ మొదట విసుక్కున్నాడు. తర్వాత తడి సిమెంటు ఉన్న చోట తనే, "తాతా, ఈడ వద్దు, చెయ్యి కాలతాది," అని చెప్పడం మొదలుపెట్టాడు. పక్కన కడుతున్న ఇళ్లలోకీ వెళ్లేవాడు. ఇళ్లు ఎక్కడెక్కడ లేస్తున్నాయో అలా లేస్తుండగానే తెలుసుకున్నాడు. గోడల్లేని బయలు కాస్తా ఆయన చూస్తుండగానే ఊరయింది. చూస్తుండగా అనే మాటే నాకు వస్తోంది, ఇంకో మాట దొరకడం లేదు.

స్లాబు పడింది. వాళ్లు చేరారు. రివ్యూ మీటింగులో డీఈ గారు నన్ను పక్కకు పిలిచి, "ఆ చూపులేనాయన్ని వాగు అవతలికి పంపించావటగా? దగ్గర్లోనే ఏదన్నా చూడలేకపోయావా అమ్మా?" అన్నారు. ఎగతాళిగా అనలేదు, బాధపడుతూనే అన్నారు. రద్దు చెయ్యమన్నదీ ఆయనే.

మొన్న వెళ్లి చూస్తే

రిటైరయ్యాక దర్శిలో పెళ్లికి వెళ్లి, వస్తూ వస్తూ ఆ ఊరు వెళ్లాను. కాలనీ నిండిపోయింది. మొదట్లోనే టీ దుకాణం, ముందు బల్ల, బల్ల మీద యేసుదాసు. చుట్టూ నలుగురు. నా గొంతు వినగానే గుర్తుపట్టి లేచాడు. "మేడం వచ్చినారు, టీ పెట్టు," అని కేకేసి, నన్ను వెంటబెట్టుకుని ఇంటికి బయలుదేరాడు. కర్ర లేదు. మలుపులో ఆగలేదు.

ఇంటికి తాళం ఉంది.

"రూతు ఆడుంటది మేడం, పాత పాలెంలో. పొద్దున పోతే పొద్దెక్కినాక వస్తది. మల్లా సాయంత్రం పోతది," అన్నాడు.

వాగు దాటి వెళ్లాను. పాలెం చివర, ఆ తునకలో ఉంది రూతమ్మ. చుట్టూ కంప నాటి, లోపల చిక్కుడు పందిరి, బీర పాదు, గోంగూర మళ్లు వేసింది. నన్ను చూసి మట్టిచేతులతోనే నవ్వింది.

"ఇది ఎవరిచ్చారమ్మా?" అని అడిగాను.

"ఎవరూ ఇయ్యలే. నేనే ఏసుకున్నా. అన్న అనుకుంటాడు తానిచ్చినానని. వదిన అనుకుంటది తానిచ్చినానని. ఇద్దరికీ చిక్కుళ్లు పంపిస్తా."

ఇల్లు కట్టడానికి పనికిరాని తగవు నేల కూరగాయలకు పనికొచ్చింది. ఇది ముందే తోచి ఉంటే అని లెక్కలు వేసుకుంటూ కాసేపు నిలబడ్డాను. ఏ లెక్కా కుదరలేదు.

"ఇల్లు బాగుందా?" అన్నాను.

చేతులు దులుపుకుని గట్టు మీద కూర్చుంది. "ఇల్లు బాగుంది మేడం. వానకు కురవదు. ఆయనకు బాగుంది. నాకే నిద్ర రాదు. పాతింట్లో పక్క గోడ అవతల మరియమ్మ దగ్గితే వినపడేది, పిల్లోళ్లు ఏడ్చేది వినపడేది. ఆడ గోడలు మందం. ఏం వినపడదు. లేచి కూసుంటా. అందుకే తెల్లారగానే ఈడికొస్తా."

నేను ఆ ఇంటి కోసం భర్త అడుగులు గమనించాను, రైతు కన్నీళ్లు గమనించాను, ఆదిలక్ష్మమ్మ పంతం గమనించాను. రూతమ్మనూ అడిగాను. నాకు బాగా గుర్తుంది. ముగ్గు పోసే రోజు, "నీకు ఇక్కడ ఇష్టమేనా?" అని అడిగితే, "ఆయన యాడుంటే నేను ఆడ," అంది.

"ఆరోజు అడిగాను కదమ్మా. ఎందుకు చెప్పలేదు?"

రూతమ్మ నా ముఖంలోకి చూసింది. నిష్ఠూరం లేదు ఆ చూపులో.

"అడిగినారు మేడం. అప్పుడు నాకు మాత్రం ఏం తెలుసు? ఉండి చూస్తేనే గదా తెలిసేది."

చిక్కుళ్లు కోసి నా సంచిలో పోసింది. వద్దన్నా వినలేదు. ఎండెక్కింది, యేసుదాసుకు అన్నం పెట్టే వేళయిందని లేచింది. మళ్లలో ఇంకా కొంచెం తడి పెట్టాల్సింది మిగిలి ఉంది. ఒకసారి అటు చూసింది, ఒకసారి వాగు వైపు చూసింది. నేను ఏదైనా చెబుతానేమో అన్నట్టు నా వైపూ చూసింది.

"పొయ్యి మీద కూర పెట్టి మల్లా వస్తా," అని తనే అనుకుని, కాలనీ దారి పట్టింది.